పొయ్యికొక్క మాట

ప్రజాస్వామ్యం గురించి వేదికలెక్కి మాట్లాడేవాళ్లను చూస్తే నాకు ముందు నవ్వు వస్తుంది, కాసేపటికి కోపం వస్తుంది. ప్రజలే ప్రభువులంటారు. ఆ ప్రభువులేమో ఎండలో చతికిలబడి ఉంటారు, సేవకులేమో షామియానా కింద కుర్చీల్లో ఉంటారు. నిజామాబాదులో మా వీధి మలుపులో అలాంటి సభ పెట్టినప్పుడల్లా నేను కిటికీ మూసేసి, చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టుకుంటాను. ఎందుకంటే అసలైనదాన్ని నేను చూశాను. అది ఎలా బతికిందో చూశాను, ఎలా చచ్చిందో కూడా చూశాను. దాంతోపాటే మా ఇల్లూ పోయింది.

నేను సిరికొండ దిక్కు గుట్టల నడుమ పుట్టిన పిల్లను. మాకు నీళ్లంటే వానే. పడితే పంట, లేకపోతే అడవిలో దొరికింది తినడమే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాదే నన్ను బోధన్ దగ్గరి ఒక ఊరికి కోడలిగా పంపారు. పిల్లకు కాలువ కింద సంబంధం దొరికిందని మా బాపు ఊరంతా చెప్పుకున్నాడు. కాలువ కింద అంటే కాలువ కొస కింద అని నాకు కాపురానికి వచ్చాక తెలిసింది. నిజాంసాగర్ నీళ్లు పెద్ద కాలువలో వచ్చి, మా ఊరి తూములోంచి పిల్లకాలువలోకి దిగి, పటేలు మళ్లు తడిపి, పటేలు చుట్టాల మళ్లు తడిపి, ఇంకా ఎవరెవరివో తడిపి, ఆఖరున ఓపిక ఉంటే మా మడికి వచ్చేవి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదంటారు. మా ఊళ్లో నీళ్లు వడ్డించేవాడు ఎవరివాడూ కాడు. అదే మన అదృష్టం అనేది మా అత్త.

వడ్డించేవాడంటే లష్కరు, కాలువ కాపలాకు సర్కారు పెట్టిన మనిషి. బోధన్‌లో ఇల్లున్న ముసలి సాయిబు. మా ఊళ్లో ఆయనకు గజం భూమి లేదు. అందుకనే ఊళ్లో ఎవరి మాట ఎటుందో లెక్కపెట్టే పని ఆయనకు ఇచ్చారు. మడి ఉన్నవాడు లెక్క చూస్తే లెక్క వాడి మడిలోకి పారుతుందని ఊరివాళ్లకు తెలుసు.

ఏటా యాసంగి, అంటే రెండో పంట, నాట్లకు ముందు కాలువకు నీళ్లు ఆపేవారు. అప్పుడు అందరూ తూము దగ్గరికి పోయేవాళ్లు. దాన్ని 'కట్టకు పోవుడు' అనేవాళ్లు. ఇంటికొకరు కాదు, మగవాడికొకరు కాదు, పొయ్యికొకరు. ఎవరి పొయ్యి మీద వేరుగా అన్నం ఉడుకుతుందో వాళ్లకు ఒక మాట. పటేలుకు ఎంత భూమి ఉన్నా ఆయనదీ ఒక్క పొయ్యే, ఒక్క మాటే. భూమి లేనివాళ్లకు మాట లేదు, అది కూడా చెప్పాలి. స్వర్గం గురించి చెప్తున్నానని ఎవరూ అనుకోవద్దు. కానీ మా మామ పోయాక మా పొయ్యికి పెద్ద మా అత్త కాబట్టి, పటేలు పక్కన కొంగు నడుముకు దోపుకొని ఆమె నిలబడేది. కొత్త కోడలిగా మొదటిసారి అది చూసి నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మా గుట్టల్లో ఆడది నలుగురిలో దగ్గడానికే భయపడేది.

లష్కరు గట్టిగా అడిగేవాడు. ఏ దిక్కు నుంచి వంతు మొదలుపెట్టాలి? ఎవరెంత చెరుకు వెయ్యొచ్చు? నీళ్లు తక్కువుంటే ఎవరు ఎన్ని మళ్లు ఎండబెట్టుకోవాలి? ఒక్కొక్క సంగతికి అవుననేవాళ్లు తూర్పు కట్ట మీదికి, కాదనేవాళ్లు పడమటి కట్ట మీదికి పోయేవాళ్లు. ఎవరు ఎటు నిలబడ్డారో అందరికీ కనబడేది. దాచుకోవడానికేం లేదు. లెక్క అయ్యాక తక్కువున్న దిక్కువాళ్లు ఎండిన కాలువలోకి దిగి, బురద తొక్కుకుంటూ వచ్చి, ఎక్కువున్న వాళ్ల కట్ట ఎక్కాలి. గెలిచినవాళ్లు చెయ్యి అందించి పైకి లాగాలి. అందరూ ఒకే కట్ట మీద నిలబడ్డాకే ఆ మాట ఊరి మాట అయ్యేది. అప్పుడే పారలు పట్టుకొని అందరూ కలిసి కాలువ పూడిక తీసేవాళ్లు.

ఒక ఏడాది పెద్ద పటేలు ఓడిపోయాడు. భారీ మనిషి. కట్ట ఎక్కబోతూ జారాడు. మా అత్త రెండు చేతులతో లాగింది.

"నీ నీళ్లు మాకిచ్చినవ్, నీ బరువు గూడ మాకే ఇస్తివా పటేలా?" అంది.

ఆయన పైకి వచ్చి ఆయాసపడుతూ, "నీళ్లు తగ్గినంక బరువు తగ్గుతది తియ్, వచ్చే ఏడు అల్కగ లాగుతవ్" అన్నాడు. అందరూ నవ్వారు. ఓడినవాడు కూడా నవ్విన సభ నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

దాని వల్ల ఏం లాభం అని ఎవరైనా అడిగితే నాకు పెద్ద మాటలు రావు. ఒకటి చెప్పగలను. మా మడికి నీళ్లు తక్కువ వచ్చిన ఏడు కూడా మా అత్త ఎవర్నీ తిట్టలేదు. తను నిలబడి ఒప్పుకున్న సంగతి కాబట్టి దిగమింగింది. నా మాట అడగలేదు అనే ఏడుపు ఏ ఇంట్లోనూ ఉండేది కాదు. ఇక సర్కారుకైతే అంతకన్నా హాయి. ఓవర్సీరు ఏడాదికోసారి సైకిల్ మీద వచ్చి, లష్కరు గుడిసెలో చాయ తాగి, "అంతా బాగేనా?" అని అడిగి పోయేవాడు. పూడికకు కంట్రాక్టరు లేడు, కొట్లాటకు పోలీసు లేడు. ఊరివాళ్లు తాము తీర్చుకున్న మాటకు తామే కాపలా ఉండేవారు.

తర్వాత చెరుకు పెరిగింది. బోధన్ మిల్లుకు బండ్ల మీద బండ్లు కదిలేవి. చెరుకు వేసినవాడి ఇంటికి పెంకులు వచ్చాయి, రేడియో వచ్చింది. కానీ చెరుకు ఏడాది పొడుగునా తాగే పంట. తూము దగ్గరివాళ్లంతా చెరుకు వేస్తే కొసన ఉన్న మా వరికి తడి అందదు. అందుకే పొయ్యికొక్క మడి చెరుకు, అంతకుమించి వద్దని కట్ట మీద ముందే తీర్చారు. పెద్ద పటేలు ఆ మాట మీద ఉన్నాడు. ఆయన పెద్దకొడుకు సర్పంచి అయ్యాక లెక్క మారింది.

సర్పంచి ఏకగ్రీవంగా వచ్చాడు. ఏకగ్రీవమంటే అందరూ ఒప్పుకోవడం అనుకునేదాన్ని. పోటీకి నిలబడతానన్నవాడిని ఇంటికి పిలిచి తలుపు దగ్గరికి వేసి మాట్లాడడం అని తర్వాత తెలిసింది. ఆ ఏడు కట్ట మీద ఒకటే సంగతి అడగాలన్నాడు. చెరుకు మీద కట్టడి తీసెయ్యాలా వద్దా?

మాట కావాలంటే పొయ్యి కావాలి. కొత్త పొయ్యి చెల్లాలంటే అమావాస్య నుంచి అమావాస్య దాకా దాని మీద వేరుగా వండుకోవాలి, అదీ రివాజు. ఇంకో నెలకు కట్టకు పోవాలనగా పటేలు వాకిట్లో పొయ్యిలు మొలిచాయి. తమ్ముళ్లకొకటి, కొడుకులకొకటి, చివరికి ఇంట్లో ఉన్న ముసలి మేనత్తకూ ఒకటి. పొద్దున్నే ఆ ఇంటి మీద పొగ చూసి, కుమ్మరి ఆవం పెట్టాడేమో అనుకున్నారు కొందరు.

మా ఇంట్లో అప్పటికి అందరికీ ఒక్కటే పొయ్యి. అత్త, మా బావ, అక్క, వాళ్ల పిల్లలు, మా ఆయన, నేను, మా చంటిది. అక్క అంటే మా యారాలు, బావ భార్య. ఇద్దరం ఒకే కుండలోంచి వడ్డించేవాళ్లం. ఆ రోజు తిన్నాక అత్త అందర్నీ కూర్చోబెట్టింది.

"మనం గూడ పొయ్యిలు పెడుదాం. పెద్దోనికొకటి, చిన్నోనికొకటి, నాకొకటి."

మా ఆయనకు నచ్చలేదు. "దొంగ పొయ్యిలు పెట్టి గెలుస్తమా అవ్వా?"

"దొంగ పొయ్యి యాడిది బిడ్డా? నెల దాక అన్నం ఉడుకుతది గద. ముల్లును ముల్లుతోనే తియ్యాలె. మడి ఎండితే నీతిని నాకుతమా?"

బావ నేల చూస్తూ, "నెల అయినంక?" అన్నాడు.

"అయినంకేముంది? కట్టకు పొయ్యచ్చిన దినమే మల్ల ఒక్క పొయ్యి. నేనే రాళ్లు తీసేస్త."

అక్క తన పిల్లల గిన్నెలు ఏరుకొని లేచింది. దాన్ని మేమెవరం పట్టించుకోలేదు.

అమావాస్య నాడు అక్క పాత వంటింట్లోనే ఉండిపోయింది. మాకు పెరటి అర్రలో పొయ్యి వేశారు. అత్త తన కోసం చూరు కింద, ఎడ్ల కొట్టం పక్కన, మూడు రాళ్లు పెట్టుకుంది. మొదట అది ఆటలాగే ఉంది. పిల్లలు మూడు పొయ్యిల చుట్టూ తిరిగి ఎక్కడ ఏం ఉడుకుతుందో చూసి వచ్చేవాళ్లు. అత్త మా ఇద్దరినీ ఆటపట్టించేది. "ఏమే, చిన్న పొయ్యి మాడు వాసనొస్తుంది, పెద్ద పొయ్యి నుంచి వాసనే వస్తలేదు" అనేది.

నెల సగం గడిచేసరికి నవ్వులు తగ్గాయి. కందిపప్పు పంచుకున్నాం, కట్టెలు పంచుకున్నాం, రోలు దగ్గర వంతులు పెట్టుకున్నాం. ఒకరోజు అక్క పిల్లవాడు మా అర్రలోకి వచ్చి నా దగ్గర తింటుంటే, అక్క వచ్చి చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది. కోపంగా కాదు. గడప దగ్గర ఆగి నాతో ఒక మాట చెప్పింది.

"ఏమనుకోకు చెల్లె. ఇన్నేండ్లకు నా పిల్లలకు ఎంత కావాల్నో అంత నా చేత్తోటి పెట్టుకుంటున్న."

ఆ మాటకు నాకు కోపం రాలేదు, ఇప్పటికీ రాదు. ఒకే కుండలో అందరికీ సరిపెట్టడానికి పెద్దకోడలు ఎన్నిసార్లు తన పిల్లల గిన్నెల్లో తక్కువ వేసిందో నేను చూశాను. కానీ భయం వేసింది. ఆ సంగతి అత్తకు చెప్పలేదు. ఆమె అప్పటికే కొస మళ్లవాళ్ల ఇళ్లన్నీ తిరిగి పొయ్యిలు చీల్పించే పనిలో ఉంది. ఎంతో పొత్తుగా ఉన్న ఇళ్లు కూడా ఆమె మాట మీద వేరు వండుకున్నాయి.

కట్టకు పోయిన రోజు ఊళ్లో ముసలీ ముతకా ఎవరూ ఆగలేదు. నేను చంటిదాన్ని ఎత్తుకొని దూరంగా నిలబడి చూశాను. కట్టడి తీసెయ్యాలనేవాళ్లంతా పడమటి కట్ట మీద, ఉండాలనేవాళ్లంతా తూర్పు కట్ట మీద. రివాజుకు తిరగేసి అలా నిలబెట్టింది సర్పంచే. దిగే పొద్దు మొగం మీద కొట్టకూడదని కావచ్చు. లష్కరు రెండు కట్టల మీదా నడిచి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. తర్వాత చెయ్యి తూర్పుకు చూపించాడు.

మేం గెలిచాం. మా బావ మా ఆయన మెడ చుట్టూ చెయ్యి వేసుకున్నాడు. అన్నదమ్ములను అలా చూడడం నాకు అదే ఆఖరు.

మా అత్త కట్ట అంచు దాకా పోయి, కొంగు దోపుకొని, వంగి చెయ్యి చాచింది. పడమటి కట్ట మీద ఎవరూ కదల్లేదు.

"దిగి రాండ్రి పటేలా, రివాజు ఉన్నది గద" అన్నాడు లష్కరు.

"రివాజు మీకున్నది, మాకు చట్టం ఉన్నది" అన్నాడు సర్పంచి. "ఊరికి పంచాయతి ఉన్నది, తీర్మానం ఉన్నది. కట్ట మీద నిలవడి గెలిచేటందుకు ఇది గోలీలాటనా?"

పెద్ద పటేలు అప్పటికి బాగా ముసలివాడు. ఆయన ఒక్కడూ అంచు దాకా వచ్చాడు. కర్ర ఆనించి ఒక కాలు కిందికి పెట్టబోయాడు. కొడుకు వెనకనుంచి రెక్క పట్టుకున్నాడు. ఆయన మా అత్త చెయ్యి వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు, కాలు వెనక్కి తీసుకున్నాడు. వాళ్లంతా ఆ కట్ట మీదుగానే ఊళ్లోకి వెళ్లిపోయారు. మా అత్త చాలాసేపు అలాగే వంగి ఉంది. మా ఆయనే వెళ్లి లేపి తీసుకొచ్చాడు.

తర్వాతి సంగతి ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నలుగురు మనుషులు సర్పంచి ఇంట్లో కూర్చొని తీర్మానం రాశారు. చెరుక్కు కట్టడి లేదన్నారు. మా అత్త కొస మళ్లవాళ్లను వెంటపెట్టుకొని నీళ్ల కచేరీకి పోయింది. అక్కడి అధికారి మంచివాడే. కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు, అంతా విన్నాడు.

"పెద్దమ్మా, మీరు చెప్పింది న్యాయంగానే ఉంది. కానీ న్యాయం చూసి నీళ్లు వదిలే అధికారం నాకు లేదు. తీర్మానం చూసి వదలాలి."

"ఆ తీర్మానం కట్ట మీద నిలవడ్డదా సారూ? దాన్నెవరన్న చూసిండ్రా?" అంది అత్త.

ఆయన తల దించుకున్నాడు. మంచివాళ్లు తల దించుకుంటారు, అంతకన్నా ఏమీ చెయ్యరు. నాకు ఆయన మీద ఉన్నంత కోపం సర్పంచి మీద కూడా లేదు.

ఆ యాసంగి మా వరి పొట్ట మీద ఉండగా నీళ్లు ఆగిపోయాయి. ఎర్రబడి, వంగిపోతే చివరికి పశువులకు కోసి వేశాం. సర్కారుకు కూడా ఒరిగిందేమీ లేదు. మరుసటి ఏడు పూడిక తీయడానికి ఒక్కడూ పార పట్టలేదు. కాలువ నిండా తుంగ మొలిచింది. రాత్రికి రాత్రి గట్లు తెగాయి, తలలు పగిలాయి, పోలీసులు వచ్చి గుడారం వేశారు. లష్కరును ఎవరో కొట్టారు. ఆయన బోధన్ పోయి మళ్లీ రాలేదు. పూడికకు వచ్చిన కంట్రాక్టరు తీసిన మట్టిని కట్ట మీదే పోశాడు, మొదటి నీళ్లకే అది మళ్లీ కాలువలో పడింది.

ఇక పొయ్యిల సంగతి. కట్ట నుంచి వచ్చిన దినమే అత్త తన మూడు రాళ్లు తీయడానికి వంగింది. "ఇగ ఒక్కటి చేద్దాం పాండ్రి" అంది. బావ అక్క వైపు చూశాడు.

"ఎట్లనో గడిచింది గద అత్తా" అంది అక్క మెల్లగా. "ఈ యాసంగి దాక ఇట్లనే గడవనియ్యి."

అత్త రాళ్ల మీంచి చెయ్యి తీసింది. యాసంగి ఎండిపోయాక మళ్లీ అడిగింది. అప్పటికి కరువు ఇంట్లోకి వచ్చింది, ఉన్న గింజల దగ్గర మాటలు పెరిగాయి. బావ విసుక్కున్నాడు. "వేరు పెట్టింది మేమా అవ్వా? నువ్వే పెడితివి." ఆమె చూరు కిందికి పోయి తన పొయ్యి రాజేసుకుంది. వాకిట్లో మోకాలెత్తు మట్టిగోడ లేచింది. కొస మళ్లవాళ్ల ఇళ్లలో చాలావాటిలో అదే జరిగింది. పటేలు ఇంట్లో పొయ్యిలు మాత్రం ఆ వారంలోనే ఒక్కటయ్యాయి. వాళ్లకు వేరుపడాల్సినంత లేమి లేదు.

మా మడి సర్పంచికే కౌలుకు పోయింది, అందులో చెరుకు లేచింది. బావ సీజనుకు మిల్లు పనికి పోయేవాడు. మేం నిజామాబాదు వచ్చి బీడీల మీద పడ్డాం. మా వీధిలో సాయిబుల ఇళ్ల ఆడవాళ్లు నాకు ఆకు కత్తిరించడం నేర్పారు. అత్తను మాతో రమ్మంటే రాలేదు. అక్క ఉన్నచోటే ఉండి అక్క దగ్గర కూడా తినలేదు. "ఒక పొయ్యిల తింటే ఇంకో పొయ్యి అలుగుతది బిడ్డా" అని చూరు కింద తన గుప్పెడు తానే ఉడకేసుకునేది. పళ్లు పోయాక జొన్న గటక, చూపు తగ్గాక అంబలి.

ఒకసారి నేను పోయినప్పుడు ఊళ్లో గ్రామసభ అని డప్పు చాటించారు. షామియానా వేశారు. అత్త నా చెయ్యి పట్టుకొని వెళ్లింది. సర్పంచి ఏదో చదివాడు, అందరూ వేలిముద్ర వేయాలన్నారు. అత్త లేచి అడిగింది.

"యే దిక్కు నిలవడాలె?"

కుర్రకారు పగలబడి నవ్వారు. ఎవరో ఆమె బొటనవేలు పట్టి సిరా అద్దారు. ఇంటికి వచ్చాక ఆ వేలిని బూడిదతో చాలాసేపు తోముకుంది. అది పోలేదు.

ఆ చలికాలమే ఆమె పోయింది. కబురందుకొని మేం వెళ్లేసరికి అరుగు మీద పడుకోబెట్టారు. దహనం అయ్యాక గోడకు అటు వాళ్లు, ఇటు మేం వాకిట్లో కూర్చున్నాం. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు, పక్కింటివాళ్లు అన్నం తేవాలి. పక్కింటావిడ తడి కళ్లతో వచ్చి గోడ దగ్గర ఆగింది. అటు చూసింది, ఇటు చూసింది.

"ఏ పొయ్యికి తేవాలె?" అని అడిగింది.

బావ గోడ దిక్కు చూశాడు. మా ఆయన తువ్వాలతో మొగం తుడుచుకున్నాడు. అక్కే అంది, "రెండు దిక్కుల పెట్టున్రి."

రెండు గిన్నెలు వచ్చాయి. ఒకటి అక్క ముందు, ఒకటి నా ముందు. నడుమ చూరు కింద మా అత్త మూడు రాళ్లు ఉన్నాయి. గిన్నె పట్టుకొని లేచి అక్క పక్కన కూర్చుందామనుకున్నాను. అక్క కూడా నా దిక్కు చూసింది. ఇద్దరం ఎవరి చోట వాళ్లం కూర్చొని తిన్నాం.